సీటు పోస్టు ఊడి చేతికి రాకుండా స్టీలు సైకిలు ఫ్రేముకి డబ్బు ఇవ్వకండి

వైజాగ్‌లో పాత స్టీలు సైకిలు ఫ్రేములు కొనేవాళ్లకి, పార్టులు మార్చుకునేవాళ్లకి ఈ హెచ్చరిక. గత నెలలో 7,000 రూపాయలు, ఒక అల్యూమినియం క్రాంక్ సెట్టు (పెడల్ చేతులు, పళ్ల చక్రం), ఒక జత బ్రేకులు ఇచ్చి పనికిరాని ఫ్రేము తెచ్చుకున్నాను. డబ్బు ఎలాగో సర్దుకుంటాను కానీ, ఆ క్రాంక్ సెట్టు రెండేళ్లు వెతికితే దొరికింది. అది పోయినందుకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

బేరం బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా, ఆదివారం పొద్దున్నే జరిగింది. మెరూన్ రంగు ఫ్రేము, లగ్గుల (ట్యూబులు కలిసే చోటి తొడుగుల) అంచుల వెంట సన్నటి బంగారు గీత, సీటు పోస్టు (సీటు కింది కడ్డీ) దిగే సీటు ట్యూబు మీద రెనాల్డ్స్ 531 స్టిక్కరు. చూడగానే మనసు పారేసుకున్నాను. 1935లో వచ్చిన ఆ తేలికైన, పేరున్న ఇంగ్లీషు స్టీలు ట్యూబుల పేరు కనిపిస్తే మనలో ఎవరికైనా చెయ్యి జేబులోకి వెళ్తుంది. "సీటు మీ ఎత్తుకి సరిగ్గా పెట్టి తెచ్చాను అన్నా, ఒక రౌండు కొట్టి చూడండి" అన్నాడు అమ్మే మనిషి. కాళీమాత గుడి దాకా తొక్కుకుంటూ వెళ్లి వచ్చాను. బాగానే నడిచింది, సీటు కూడా నిజంగానే సరిపోయింది. దాంతో దాన్ని కదిపి చూడాలన్న ఆలోచనే రాలేదు.

అంతకు ముందు రోజే ఫోన్లో నా ఎత్తు అడిగాడు. ఎందుకో తర్వాత అర్థమైంది. బిగుసుకుపోయిన సీటు ఎవరికి సరిపోతుందో చూసుకుని మనిషిని ఎంచుకున్నాడు.

ఇంటికి తెచ్చాక నా సొంత సీటు పెట్టుకుని అర అంగుళం దించుదామని బోల్టు వదులు చేశాను. పోస్టు వెంట్రుకంత కూడా కదల్లేదు. లైటు పెట్టి చూస్తే, ట్యూబు పైన వెనకవైపు ఉండే చీలికని రంగుతో పూడ్చేశారు. గోటితో గీకితే రంగు పొరలా లేచింది. దాని కింద తెల్లటి పొడి, తడిసిన సున్నంలా గట్టిపడి ఉంది.

స్టీలు ట్యూబులో అల్యూమినియం పోస్టు ఉండి, రెండిటి మధ్య ఉప్పు తేమ చేరితే అల్యూమినియం కొంచెం కొంచెంగా తినుకుపోతుంది. అలా పుట్టే తెల్లపొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు పడుతుంది కాబట్టి పోస్టుని లోపలే నొక్కి పట్టేస్తుంది. బీచ్ రోడ్డులో, భీమిలి రోడ్డులో తిరిగే మన సైకిళ్లకి ఉప్పుగాలి తప్పదు. అందుకే ఏడాదికి రెండుసార్లు పోస్టు బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాయాలని ఎప్పుడూ చెప్తుంటాను. ఈ ఫ్రేముకి ఎన్నేళ్లుగా ఎవరూ ఆ పని చేయలేదు.

అక్కయ్యపాలెంలో నేనెప్పుడూ వెళ్లే సైకిలు మెకానిక్ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చూడగానే "ఏటి బాబూ, పోస్టు తియ్యకుండానే కొనేసావా?" అన్నారు. మూడు రోజులు నూనె పోసి ఉంచారు. పోస్టుని వైసులో బిగించి ఫ్రేమునే చుట్టూ తిప్పి చూశారు. రాలేదు. చివరికి పైభాగం కోసేసి, హ్యాక్సా బ్లేడు లోపలికి దించి నిలువునా కోయడం మొదలుపెట్టారు. ట్యూబుకి గాటు పడకుండా కోయాలి కాబట్టి రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆయన వేళ్లు బొబ్బలెక్కాయి.

ఖాళీ అయిన ట్యూబులో వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి కొలిస్తే 25.4 మిల్లీమీటర్లు. డబుల్ బటెడ్ 531 ట్యూబుల సెట్టులో (గోడ మందం చోటుని బట్టి మారే రకం) సీటు ట్యూబు బయట 28.6 ఉంటుంది, పైభాగంలో గోడ మందం 0.6 మాత్రమే. అందుకే దానికి 27.2 పోస్టు పడుతుంది. కాస్త మందం రకాలకైనా 26 దాటుతుంది. బయట అదే 28.6 ఉండి లోపల 25.4 వచ్చిందంటే గోడ మందం 1.6, అంటే మామూలు పైపు. స్టిక్కరు కొత్తగా అతికించారు. పోస్టు ఇరుక్కుపోయి ఉన్నంతకాలం ఆ అబద్ధాన్ని ఎవరూ కొలవలేరు.

బి.బి. (పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్) కూడా విప్పమన్నాను. ఇంగ్లీషు మరలో కుడివైపు కప్పు (బేరింగుని పట్టే మూత) ఎడమ మర, మామూలు నట్టుకి ఉల్టాగా తిప్పితేనే ఊడుతుంది. అది తెలియని వాళ్లెవరో విప్పబోయి ఇంకా బిగించి మరలు చెరిపేశారు. కప్పు తీయగానే టీ పొడి లాంటి తుప్పు గుప్పెడు రాలింది. సీటు చీలికలోంచి దిగిన నీళ్లన్నీ చేరేది అక్కడికే. మర పాడైన, బి.బి. కూర్చునే షెల్‌ని 36 మిల్లీమీటర్ల ఇటాలియన్ మరకి ట్యాపు చేయించుకోవచ్చు (కొత్త మర కోయించుకోవచ్చు), మంచి ఫ్రేమైతే చేయించేవాణ్నే. ఈ పైపుకి అంత ఖర్చు దండగ.

అమ్మినతనికి ఫోన్ చేస్తే "మార్పిడిలో వాపసు ఉండదు అన్నా" అని పెట్టేశాడు. నా క్రాంక్ సెట్టు అప్పటికే వేరొకరికి అమ్మేశాడట.

కాబట్టి ఎవరితో బేరమైనా, ఎంత తెలిసినవాళ్లైనా, మీ చేత్తో బోల్టు వదులు చేసి పోస్టు పూర్తిగా బయటికి తీయండి. "ఇంటికెళ్లి తీసుకోండి" అంటే అక్కడితో బేరం ఆపేయండి. పోస్టు వచ్చాక టార్చి వేసి లోపల చూడండి, వెర్నియర్‌తో కొలవండి. కొత్త రంగు వేసిన ఫ్రేమైతే చిన్న అయస్కాంతం ట్యూబుల వెంట జరపండి. పుట్టీ ఎక్కువగా పూసిన చోట అంటుకోదు. హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింది నిలువు ట్యూబు) వెనక, అక్కడినుంచి పెడళ్ల వైపు దిగే డౌన్ ట్యూబు అడుగున వేలితో తడమండి. ముందునుంచి గుద్దుకున్న ఫ్రేముకి అక్కడ చిన్న ఉబ్బు తగులుతుంది.

చక్రాలు మార్చుకునేటప్పుడు 26 అన్న అంకెని నమ్మొద్దు, టైరు పక్కన 590 ఉందా 559 ఉందా (రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో) చూడండి. గాజువాకలో ఉండే నా స్నేహితుడు ఆ తేడా చూడక, మంచి హబ్బులిచ్చి తన ఫ్రేముకి బ్రేకు అందని చక్రాలు తెచ్చుకున్నాడు. మార్పిడి అంటే మీ పార్టు కూడా వెళ్లిపోతుంది, డబ్బులా తిరిగి అడగలేం. అవతలి వస్తువు బిగించి చూసుకునేదాకా మీది మీ దగ్గరే ఉంచుకోండి.

అదే మనిషి దగ్గర ఇప్పుడు ముదురు ఆకుపచ్చ ఫ్రేము ఒకటి అమ్మకానికి ఉందని నిన్ననే తెలిసింది. దానికీ లగ్గుల మీద బంగారు గీతే, 531 స్టిక్కరే. చూడటానికి వెళ్లేవాళ్లు నాకు ముందురోజు చెప్పండి. వెర్నియర్, స్పానర్లు తీసుకుని నేనూ వస్తాను.