పాత కారుకి కొత్త సామాన్లు బిగించమని ఇస్తున్నారా? డ్యాష్‌బోర్డు మూయకముందే వెళ్లి చూడండి

పాత కారు రీస్టోర్ చేయిస్తూ, పనిలో పనిగా స్టీరియో, ఫోను చార్జరు, హాలోజన్ లైట్లు, ఎలక్ట్రిక్ ఫ్యాను కూడా పెట్టించేద్దాం అనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నా బండి కాలిపోవాల్సింది. అప్పుడు వెనక సీట్లో మా అమ్మాయి ఉంది.

బండి 1963 మోడల్ మోరిస్ మైనర్. టింకరింగు, పెయింటు ఒకచోట చేయించి, వైరింగు పని మాత్రం పాత కార్లలో ఆరితేరినవాళ్లమని చెప్పుకునే వర్క్‌షాపుకి అప్పగించాను. వాళ్ల పేరు రాయడం లేదు. ఇలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, మీరు గుర్తుపట్టాల్సింది పేరుని కాదు, పనిని. తెచ్చుకున్న రోజు అన్నీ పనిచేశాయి. లైట్లు ధగధగా వెలిగాయి, పాట వచ్చింది, ఫోను చార్జయింది. లోపల ఏం చేశారో చూపించమని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

రెండు వారాలు తిరక్కుండానే ఒక రాత్రి గతుకుల రోడ్డు మీద వస్తుంటే డ్యాష్‌బోర్డు కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, వెనకే తెల్లటి పొగ. తాళం తీసేశాను. పొగ ఆగలేదు. పాపని దింపి, బానెట్ ఎత్తి, బ్యాటరీ కేబుల్ విప్పేసరికి వైరు మీద తొడుగు కరిగి బొట్లు బొట్లుగా కార్పెట్ మీద పడుతోంది. తాళం తీసినా ఎందుకు ఆగలేదో, ఫ్యూజు ఎందుకు పోలేదో నాకు తర్వాత అర్థమైంది. ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా ఆ ఒక్క సంగతి కోసమే.

మైనర్ లాంటి ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాడీ ప్లస్. బ్యాటరీ ప్లస్ కొస బాడీకి బిగించి ఉంటుంది, లైవ్ వైర్లలో, అంటే కరెంటు ఉండే వైర్లలో, ఉండేది మైనస్. బాడీకి బిగించిన ఆ కొసనే ఎర్త్ అంటారు. ఎమ్‌జీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కూడా 1967 దాకా అంతే. ఇప్పుడొచ్చే స్టీరియోలకు, చార్జర్లకు పైడబ్బా మైనస్. అంటే ఆ డబ్బా బాడీని తాకితే నేరుగా షార్ట్. ఇలాంటి బండికి స్టీరియో పెట్టాలంటే ముందు బండి ఎర్త్‌నే మైనస్‌కి మార్చాలి. మరీ కష్టమైన పనేమీ కాదు. బ్యాటరీ కొసలు మార్చి, ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే డైనమో మీద ఎఫ్ అని ఉన్న టెర్మినల్‌కి బ్యాటరీ లైవ్ వైరు ఒక్క క్షణం తాకించి దాని ధ్రువం మార్చాలి, స్పార్క్ ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్ వైర్లు అటూ ఇటూ చేయాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే అది ఏ ఎర్త్‌కి చేసిందో చూసుకోవాలి.

వాళ్లు అదేమీ చేయలేదు. స్టీరియో డబ్బాకి రబ్బరు షీటు చుట్టి, దాని నల్ల వైరుని గోధుమ రంగు వైరుకి కలిపి, ఎర్ర వైరుని ఫ్యూజు మీదుగా బాడీకి ఇచ్చారు. ఈ కార్లకి కరెంటు సామాన్లు చేసిన లూకాస్ కంపెనీ వైరింగులో గోధుమ రంగంటే బ్యాటరీ నుంచి వచ్చే లైవ్. తాళంతో పని లేదు, ఫ్యూజు లేదు. యాంటెనా వైరు చుట్టూ ఉండే జాలీ స్టీరియో డబ్బాకి కలిసే ఉంటుంది, యాంటెనా మొదలు ఫెండర్‌కి బిగుస్తుంది. ఆ రెంటికీ మధ్య వాళ్లు పెట్టిన అడ్డు ఒక పల్చటి ప్లాస్టిక్ వాషరు. గతుకులకి అది చిట్లింది. కరెంటు గోధుమ వైరు నుంచి నల్ల వైరుకి, అక్కణ్ణుంచి డబ్బాకి, యాంటెనా జాలీ మీదుగా ఫెండర్‌కి పారింది. ఫ్యూజు ఉన్న ఎర్ర వైరు ఆ దారిలోనే లేదు! "ఫ్యూజు పెట్టాం సార్" అని వాళ్లు అన్నది నిజమే, ఆ ఫ్యూజు కాపాడింది మాత్రం ఏమీ లేదు. ఫ్యూజు ఉండేది వైరుని కాపాడటానికి, సామానుని కాదు. అది లైవ్ వైపు, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి.

తర్వాత నమ్మకమైన ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని డ్యాష్‌బోర్డు మొత్తం విప్పించాను. కొత్తగా లాగిన వైర్లని బ్లేడుతో గీకితే ఎర్రటి పూత కింద తెల్లగా తేలింది, అల్యూమినియం మీద రాగి పూత వైరు. కరెంటు మోయడంలో అది అసలు రాగిలో సుమారు మూడింట రెండొంతులే. వంచిన చోట విరుగుతుంది, చెమ్మ తగిలితే పొడిపొడి అవుతుంది. జాయింట్లన్నీ వైరుని కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులే. ఇంజన్ గోడకి వేసిన రంధ్రంలో రబ్బరు బుష్ లేదు, రేకు అంచు అప్పటికే తొడుగుని సగం కోసేసింది.

ఎర్త్ సంగతి చూస్తే ఇంకా భయమేసింది. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీని కొత్త పెయింటు మీదే బిగించేశారు. పెయింటు కరెంటుని పోనివ్వదు. స్టార్టరు లాగే వందకు పైబడిన యాంపులకి ఏదో ఒక దారి కావాలి కదా, చోక్ కేబుల్ దొరికింది. దాని తొడుగు మాడి నల్లబడి ఉంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడల్లా చోక్ బిగుసుకుపోవడం నాకు తెలుసు, గ్రీజు లేదేమో అనుకున్నాను. పెయింటు అయ్యాక మీ చోక్ కేబుల్ గానీ యాక్సిలరేటర్ కేబుల్ గానీ వేడెక్కుతుంటే ముందు ఎర్త్ పట్టీ చూడండి. కింద మెరిసే రేకు కనిపించేదాకా పెయింటు గీకాలి, బిగించాక పైన గ్రీజు పూయాలి.

నా బండి డైనమో ఇచ్చేది మహా అయితే 22 యాంపులు, అదీ ఇంజన్ బాగా తిరుగుతున్నప్పుడు. ఐడిలింగులో ఇచ్చేది దాదాపు సున్నా. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి 9 యాంపులు, ఫ్యాను మరో 8 నుంచి 10, కాయిలు 3 పైన, వైపర్లు, స్టీరియో, వెనక లైట్లు అదనం. ఆదాయానికి మించిన ఖర్చు. ఈ లెక్క వేయకుండా ఫ్యాను అమ్మేవాళ్లని నమ్మకండి. డైనమో బదులు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టిస్తామంటే పెట్టించుకోండి, కానీ డైనమోకి ఉన్న పాత వైరుతోనే సరిపెట్టనివ్వకండి. ఆల్టర్నేటర్ 45 యాంపులు ఇస్తే వాటికి అది చాలదు.

లూకాస్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది తెగిపోయే యాంపులు. ఆగకుండా మోసేది 17. ఇది తెలియక ఇప్పటి 35 యాంపుల ఫ్యూజు వేస్తే, అది ఆగకుండా 35 మోస్తుంది, ఈలోగా వైరు మాడుతుంది. నా బండిలో వేసింది అదే.

వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, "పాత బండి కదా సార్, ఇవన్నీ మామూలే. స్టీరియోకి గ్యారంటీ ఉంది, వైరింగుకి లేదు" అన్నారు. బిల్లులో "వైరింగు, యాక్సెసరీలు" అని ఒకే ముక్క ఉంది. ఏ వైరు, ఎంత మందం, ఏ ఫ్యూజు అన్నది ఎక్కడా లేదు, కాబట్టి నా దగ్గర ఆధారమూ లేదు. మీరు ఆ తప్పు చేయకండి. ప్రతి సామానుకి విడిగా ఫ్యూజు, హెడ్‌లైట్లకి, ఫ్యానుకి రిలే (ఎక్కువ కరెంటుని స్విచ్చు మీదుగా పోనివ్వకుండా విడిగా కలిపే పరికరం), రాగి వైరు మందం, బండి ఎర్త్ ప్లస్సా మైనస్సా అన్నవి కాగితం మీద రాయించుకోండి. డ్యాష్‌బోర్డు, కార్పెట్ వేయకముందు ఫోటోలు అడగండి. ఇవ్వనంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి. తెచ్చుకున్న రోజే అన్నీ ఆపి, బ్యాటరీ కేబుల్‌కి వరసలో మీటరు పెట్టి చూడండి. 50 మిల్లీయాంపులు దాటకూడదు. 400 చూపిస్తే 40 యాంప్-అవర్ బ్యాటరీ నాలుగు రోజులకే పడుకుంటుంది.

ఇప్పుడు బండికి పూర్తిగా కొత్త వైరింగు పడుతోంది, ఎర్త్ మైనస్‌కి మారింది. ఫ్యాను తీయించేశాను, ఈ ఇంజన్‌కి తన సొంత ఫ్యాను చాలు. స్టీరియో ఇంకా బిగించలేదు. కాలిన గోధుమ వైరు ముక్క మాత్రం గ్లవ్‌బాక్సులోనే ఉంచాను. బండి చూడటానికి వచ్చి "మాదీ వైరింగుకి ఇవ్వాలి" అన్నవాళ్లకి ముందు అదే చూపిస్తున్నాను.