బర్రె కొనాలంటే సంఘం అప్పా, చిట్టీనా, వారం కిస్తీనా: ఏది మేలు?

మెహిదీపట్నం రైతుబజారుకు చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి కూరగాయలు తెచ్చే అక్కలు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. బర్రె కొనడానికి డబ్బు డ్వాక్రా సంఘంలో తీసుకోవాలా, చిట్టీ పాడుకోవాలా, లేక వారం వారం కిస్తీ కట్టించుకునే మైక్రోఫైనాన్స్ వాళ్ల దగ్గరా? అందరూ వడ్డీ ఎంతని లెక్కేస్తారు గానీ, నేను ముందు చూసేది వేరు: బర్రె వట్టిపోయిన నెలల్లో కిస్తీ తప్పితే ఏమవుతుంది?

ఈనిన కొత్తలో పదిహేను రోజులకోసారి పాల బిల్లు బాగానే వస్తుంది. తర్వాత తగ్గుతూ పోయి, మళ్లీ ఈనేదాకా కొన్ని నెలలు దాణా ఖర్చే తప్ప పైసా రాదు, కిస్తీ తేదీ మాత్రం ఆగదు.

మైక్రోఫైనాన్స్‌లో లోను సులువు, ఒప్పుకోవాలి. ఆధార్ కార్డు, ఒకరికొకరు జమానతుగా ఐదుగురు ఆడవాళ్లు ఉంటే చాలు. కానీ ఒక్కరు కట్టకపోయినా మిగతా నలుగురి మీద పడతారు, దాంతో ఒకచోటి కిస్తీ కోసం ఇంకోచోట లోను మొదలవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ వసూళ్ల గొడవ ముదిరే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, ఇంటిముందు కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోటే కట్టించుకోవాలంది. 2022లో రిజర్వు బ్యాంకు, ఇంటి మొత్తం కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదని చెప్పింది. రూలు మంచిదే, మీ ఇంటి ఆదాయం వాళ్ల కాగితంలో ఎంతని రాసుకున్నారో ఒకసారి చూడండి.

చిట్టీ పొదుపుకు బాగుంటుంది, తొందర అవసరానికి ఖరీదు. 20 మంది, నెలకు 5,000, లక్ష చిట్టీ అనుకోండి. మొదటి నెలల్లో పోటీ ఎక్కువ కాబట్టి పాట 25,000 దాకా పోతే చేతికి వచ్చేది 75,000. నడిపేవాళ్ల కమిషన్ 5,000 పోను మిగతా 20,000 తలా వెయ్యి పంచుతారు. ఎత్తుకున్నాక నెల తప్పారో, సంతకం పెట్టిన చుట్టాల ఇంటికి పోతారు. ఇక 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ కాని చిట్టీ జోలికి అసలు పోవద్దు.

నా ఓటు సంఘానికే. సంఘానికిచ్చే లోనుకు 10 లక్షల వరకు బ్యాంకు తాకట్టు అడగదు, 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం. (వడ్డీలేని రుణం కింద ప్రభుత్వం తిరిగిచ్చే వడ్డీ డబ్బులు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి అవి లెక్కలో కలపకండి.) ఇదంతా కాక, నెల మీటింగులో “బర్రె వట్టిపోయింది” అంటే అక్కడున్న పది మందికీ ఆ బర్రె సంగతి తెలుసు. సంఘం సొంత పొదుపులోంచి ఆ నెల కిస్తీ సర్ది, ఈనాక వసూలు చేసుకోవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీ వేసినా అది చేరేది సంఘం నిధిలోకే, అందులో మీ వాటా కూడా ఉంటుంది.

అన్ని సంఘాలూ ఇలా నడవవు. బ్యాంకు సొమ్ము రాగానే తలా లక్ష పంచేసుకునేవి చాలా ఉన్నాయి. లక్షన్నర కావాల్సిన ఆమెకూ లక్షే, అవసరం లేని ఆమె తన లక్షను బయట మూడు రూపాయలకు తిప్పుతుంది, పొదుపు మాత్రం ఖాతాలో కదలకుండా ఉంటుంది. అక్కడ కిస్తీ తప్పితే సర్దేవాళ్లుండరు, సంఘం పేరంతా బ్యాంకులో చెడుతుంది. అందుకే లోను అడిగేముందు తీర్మానాల పుస్తకం తీయించండి. ఈ ఏడాదిలో ఎవరికైనా పొదుపులోంచి అప్పు ఇచ్చినట్టు ఉందా, తిరిగి కట్టినట్టు ఉందా? పుస్తకం లీడరు ఇంట్లోనే ఉంటుందంటే ఊళ్లో సంఘాల లెక్కలు రాసే వీఓఏను అడిగి మీటింగులో తెప్పించుకోండి, పక్కన కూర్చుని మీ పేరు మీద ఎంత అప్పు రాసి ఉందో కూడా చూసుకోండి.

సంఘం సొమ్ము చాలకపోతే మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ, 2011లో పెట్టిన స్త్రీనిధి ఉంది, అదీ సంఘం ద్వారానే. బంగారం లోను సంగతి కూడా అడుగుతున్నారు: దాణాకు తక్కువ పడితే ఒకటి రెండు నెలలకు పర్వాలేదు, బర్రె కొనడానికైతే వద్దు.