బేలర్‌లో ఆరేళ్లు: ఒంగోలు నుంచి వెళ్లిన పరిశోధక విద్యార్థి అనుభవం

టెక్సాస్ రాష్ట్రం వేకో పట్టణంలోని బేలర్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ కోసం 2018 నుంచి 2024 వరకు ఉన్నాను. సీటు వచ్చిందని చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు ర్యాంకు సంగతి అడగలేదు. ‘అది బాప్టిస్టులదట కదా, నీకు ఇబ్బంది ఉండదా?’ అని అడిగారు. బాప్టిస్టులంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. మాది ఒంగోలు. 1878 జూలైలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కథ మా వీధిలో అన్ని మతాలవాళ్లకూ తెలిసినదే కాబట్టి, బాప్టిస్టు అన్న మాట మాకు కొత్త కాదు. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే, నన్ను సలహా అడిగే పిల్లలందరూ ఇప్పటికీ అదే అడుగుతారు కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

డిగ్రీ విద్యార్థులకు రెండు సెమిస్టర్ల చాపెల్ (క్రైస్తవ ప్రార్థన సమావేశం), రెండు క్రైస్తవ అధ్యయన కోర్సులు తప్పనిసరి. పీహెచ్‌డీ వాళ్లకు ఆ నియమం లేదు. ఆరేళ్లలో నన్ను చర్చికి రమ్మని పిలిచినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఎందుకు రాలేదని నిలదీసినవాళ్లు ఒక్కరూ లేరు. మొదటి ఏడాది ల్యాబ్ క్విజ్ పేపర్లు దిద్దుతుండగా ఒక జవాబు పత్రం పైమూల చిన్న అక్షరాలతో ‘ఫిలిప్పీ 4:13’ అని కనిపించింది. ఏదైనా సూత్రాన్ని కాపీ కొట్టిందేమోనని కాసేపు అనుమానించి, తర్వాత బైబిలు తీసి చూసుకున్నాను. ‘నన్ను బలపరచేవానివల్ల నేను అన్నీ చేయగలను’ అన్న వాక్యం అది. చిన్నప్పుడు మేము పరీక్ష పేపరు మీద ‘శ్రీరామ’ అని రాసి మొదలుపెట్టిన అలవాటే అది. మార్కులు మాత్రం ఆ అమ్మాయికీ నాకూ చదివినంతే వచ్చేవి.

టెక్సాస్ ఇంకా స్వతంత్ర దేశంగా ఉన్న 1845లోనే ఈ సంస్థకు అనుమతి పత్రం వచ్చింది. అంత పాత సంస్థ కనుక కట్టుబాట్లు కూడా నిదానంగానే సడలాయి. క్యాంపస్‌లో విద్యార్థుల నృత్యానికి అనుమతి దొరికింది 1996లో. ఒక విచిత్రం చెప్పాలి: టెక్సాస్‌ను ‘ఒంటి నక్షత్రం’ రాష్ట్రమంటారు, మా పక్కనున్న నెల్లూరు బాప్టిస్టు మిషనుకూ ఒకప్పుడు అదే పేరు. ఆ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, అయినా ఆ సంగతి చెప్పినప్పుడల్లా అక్కడివాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కునేవారు.

క్యాంపస్ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చినది మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు జరిగే డాక్టర్ పెప్పర్ అవర్. డాక్టర్ పెప్పర్ అనే ఆ సోడా పుట్టింది 1885లో ఈ ఊళ్లోనే. 1953 నుంచి విద్యార్థి భవనంలోని పెద్ద హాల్లో, ఐస్‌క్రీము కలిపిన ఆ సోడాను అడిగినవారికల్లా ఉచితంగా ఇస్తున్నారు. మొదటిసారి తాగినప్పుడు సుగంధిపాల సోడాలో చెర్రీ పండ్ల రసం పోసినట్టు అనిపించి సగంలోనే వదిలేశాను. నెల తిరిగేసరికి రియాక్షన్ పెట్టే సమయాన్ని మూడు గంటలకు ఖాళీ దొరికేలా సర్దుకోవడం అలవాటైంది. అక్కడ ప్రొఫెసర్లు, తోటపనివాళ్లు, మొదటి సంవత్సరం పిల్లలు ఒకే వరుసలో నిలబడతారు. మా విభాగంలో ఎవరితోనూ మాట కలవని తొలి సెమిస్టర్‌లో నాకు పరిచయాలు దొరికింది ఆ వరుసలోనే. పాట్ నెఫ్ భవనం గోపురంలో 48 లోహపు గంటలను మోగించే వాద్యం, విశ్వవిద్యాలయ చిహ్నమైన ఎలుగుబంట్లను ఉంచి, చుట్టూ జనం గుమిగూడే ఆవరణ కూడా బాగుంటాయి గానీ, మొదటి నెల దాటాక వాటిని ప్రత్యేకంగా చూడటానికి వెళ్లింది తక్కువే. 2021 ఏప్రిల్‌లో పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు గొంజాగా విశ్వవిద్యాలయం జట్టును 86-70 స్కోరుతో ఓడించి జాతీయ విజేత అయిన రాత్రి మాత్రం ఆట నియమాలు సరిగా తెలియని నేను కూడా గొంతు పోయేలా అరిచాను.

చదువు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. 2021 డిసెంబరులో ఇది అత్యున్నత పరిశోధన స్థాయి అయిన ఆర్‌1 జాబితాలో చేరింది. ఆడపిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: విద్యార్థినులపై లైంగిక దాడుల ఫిర్యాదులను సంస్థ సరిగా పట్టించుకోలేదని బయటి న్యాయవాదుల విచారణలో తేలడంతో, 2016లో ఫుట్‌బాల్ కోచ్‌ను తీసేసి, అధ్యక్షుణ్ణి ఆ పదవి నుంచి తప్పించారు. నేను చేరేటప్పటికి అది రెండేళ్ల కిందటి మాట. మీరు చేరే ముందు ఇప్పటి భద్రతా ఏర్పాట్ల గురించి నేరుగా అడగండి.

ఇబ్బందులన్నీ ఊరితోనే. కారు లేనివాడికి వేకోలో కాళ్లు లేనట్టే. ఆగస్టులో ఎండ మా ఒంగోలు ఎండకు తీసిపోదు. గోంగూర, మంచి బియ్యం కావాలంటే డాలస్ వైపో, ఆస్టిన్ వైపో సుమారు 100 మైళ్లు పోవాలి; నెలకొకసారి నలుగురం పెట్రోలు ఖర్చు పంచుకుని డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వెళ్లి, వెనక సీటు నిండా సంచులతో వచ్చేవాళ్లం. బయట అద్దెకున్న మొదటి అపార్ట్‌మెంట్ యజమాని, మేము చేరకముందే ఉన్న కార్పెట్ మరకను చూపించి అడ్వాన్సులో 300 డాలర్లు కోసుకున్నాడు. తాళాలు తీసుకున్న రోజే గదులన్నీ ఫొటోలు తీసి యజమానికి ఈమెయిల్ చేయండి, నేను చేయలేదు.

డిగ్రీ ఫీజు ఏడాదికి 50 వేల డాలర్లు దాటింది. అందుకే అప్పు చేసి డిగ్రీకి వెళ్తానన్న మా మేనకోడలిని వద్దన్నాను. ఫీజు మాఫీతో, స్టైపెండుతో పీహెచ్‌డీ సీటు వచ్చిన మా బాబాయి కొడుకును మాత్రం వెళ్లమని చెప్పి, విమానం ఎక్కేలోపు డ్రైవింగ్ నేర్చుకోమన్నాను.