బెజవాడ ఆటోనగర్‌లో కట్టించిన మా క్యాంపర్ వ్యాన్: నాలుగేళ్లు వాడాక లోపల ఏం మిగిలింది

ముందే చెప్తున్నా, మా క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే బండి, ఏ కంపెనీదో రాయను. ఇది బండి సమీక్ష కాదు, దాని కడుపులో మేం పెట్టించిన సామాను సమీక్ష. 2014 మోడల్ డీజిల్ డెలివరీ వ్యాన్, కిటికీల్లేని రేకు బాడీ, ముందు డ్రైవర్‌తో కలిపి ముగ్గురికి సీట్లు. 2021 డిసెంబరులో 3 లక్షల 60 వేలకు కొన్నాను. అంతకుముందు పార్సిళ్లు మోసిన బండి, ఫ్లోర్ రేకు రెండు చోట్ల తుప్పు పట్టి ఉంది, వెనక తలుపు సరిగ్గా పడేది కాదు. మేం ముగ్గురం: నేను, మా ఆవిడ, అప్పటికి ఏడేళ్ల మా పాప. ఇప్పటిదాకా 97 రాత్రులు ఇందులో పడుకున్నాం, 41 వేల కిలోమీటర్లు తిరిగాం. ఈ లెక్క మా ఆవిడ డైరీలోది, నాది కాదు కాబట్టి నమ్మొచ్చు.

కాగితాల సంగతి మొదట చెప్తాను, ఎందుకంటే అందరూ అడిగేది ఇదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్‌ని నాన్-ట్రాన్స్‌పోర్ట్ (సొంత వాడకపు బండి) కింద లెక్కపెడుతూ 2004లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చిన మాట నిజమే, వాటికి ఏఐఎస్-124 అని ప్రమాణాలూ ఉన్నాయి, కానీ ఆ దారిలో వెళ్లేంత డబ్బూ ఓపికా నాకు లేవు. అందుకని మేం బాడీ కోయలేదు, కిటికీ పెట్టలేదు, సీటు పెంచలేదు, చాసిస్ జోలికి పోలేదు. లోపల ఉన్నదంతా బోల్టులు విప్పితే బయటికొచ్చేదే. ఎల్లో బోర్డు, అంటే ట్రాన్స్‌పోర్ట్ బండి నంబర్ ప్లేటు, అలాగే ఉంది, టోల్ కారు రేటు కాదు, ఎల్‌సీవీ (చిన్న కమర్షియల్ బండి) రేటు కట్టాలి. బండి కదులుతున్నప్పుడు ముగ్గురం ముందే కూర్చుంటాం, బెల్టులతో. వెనక భాగం బండి ఆగాకే. మా మామయ్య అత్తయ్య కూడా వస్తామంటే వాళ్లు బస్సులోనో రైల్లోనో రావాల్సిందే, దీని మీద ఇంట్లో ఒకసారి పెద్ద గొడవే అయింది. లైసెన్స్ విషయం కూడా అడుగుతారు: 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్‌ఎంవీ (కారు నడిపే లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. మాది 2022 చివర్లో దాటింది. కాబట్టి ప్రతి నవంబరులోనూ రెండు ఆదివారాలు కూర్చుని లోపలిదంతా విప్పి మా వరండాలో పేర్చి, ఖాళీ డబ్బాగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి, తెచ్చుకుని మళ్లీ ఎక్కించాలి. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారికి అర్థమైంది, విప్పిన సామానులో కొన్నిటిని మళ్లీ ఎక్కించాలనే అనిపించడం లేదని. మొదట్లో ఆటోనగర్ కాటా మీద తూయిస్తే ఫర్నిచర్, నీళ్లు, బ్యాటరీ అన్నీ కలిపి 410 కిలోలు. ఇప్పుడు 165. ఆ తగ్గిన 245 కిలోలూ నేను వీడియోలు చూసి నేర్చుకున్న తెలివే.

ఆ వీడియోలన్నీ చలి దేశాలవి. వాళ్ల బాధ లోపలి వేడి బయటికి పోకుండా చూసుకోవడం. మన బాధ బెజవాడ మే నెల. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి ఒక రోహిణి కార్తె పట్టింది. నేనేం చేశానంటే రేకుకి థర్మకోల్ షీట్లు అంటించి, వాటి మీద ప్లైవుడ్ బిగించి, పైన చెక్క రంగు లామినేట్ వేయించాను. చూడ్డానికి ఏదో రిసార్ట్ గదిలా ఉండేది. పని చేసిన బాడీ మేస్త్రి అప్పుడే అన్నాడు, "సార్, పెట్టెకి పెట్టె చేస్తున్నారు, గాలెక్కడ్నుంచి వస్తుంది?" అని. నేను వినలేదు. ఆ ఎండలకి జిగురు కరిగిపోయింది, థర్మకోల్ ఊడి ప్లైవుడ్ వెనకాల రాసుకుంటూ గతుకు వచ్చినప్పుడల్లా కిచకిచమని ఒకటే శబ్దం, గుంటూరు వెళ్లొచ్చేసరికి తలనొప్పి.

మొదటి ఎఫ్‌సీకి అదంతా పీకేశాం. దాని బదులు 19 ఎంఎం నైట్రైల్ రబ్బర్ షీటు నేరుగా రేకుకి అంటించాం, ఏసీ పైపులకి నల్లగా చుడతారే, అదే సరుకు, వెడల్పు షీట్లలో దొరుకుతుంది. తేడా ఉంది. కానీ అసలు తేడా తెచ్చింది అది కాదు. టాప్ మీద క్యారియర్ ఉంటుంది కదా, దాని మీద సోలార్ ప్యానెల్, మిగిలిన జాగాలో తెల్ల టార్పాలిన్ పట్టా కట్టాం, రేకుకీ పట్టాకీ మధ్య నాలుగు వేళ్ల సందు. రేకు మీద ఎండ పడకపోవడం, ఆ సందులోంచి గాలి పోవడం, ఈ రెండే. నా థర్మామీటర్ లెక్కలు ఇవి, మధ్యాహ్నం రెండింటికి తలుపులు మూసి ఎండలో నిలిపితే: ఉత్త రేకుతో 53 డిగ్రీలు, రబ్బర్ షీటుతో 48, పట్టా కూడా కట్టాక 44. బయట అప్పుడు 42. పట్టాకి అయిన ఖర్చు రెండు వేల లోపు. ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే ఈ పొర గురించి ఇంకోటి, రాత్రి పూట అది మనకి ఎదురు తిరుగుతుంది. బయట చల్లబడ్డాక కూడా ముగ్గురి ఒంటి వేడి లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే దారి లేకపోతే ఎంత ఇన్సులేషన్ వేసినా దండగ.

టాప్ కోయకూడదు కాబట్టి వెనక తలుపునే దారి చేసుకున్నాం. తలుపు జానెడు మాత్రమే తెరుచుకుని లోపలినుంచి లాక్ పడేలా లేత్ షాపులో ఒక హుక్కు చేయించాను. ఆ సందుకి దోమతెర, పైభాగంలో ప్లై ముక్కకి బిగించిన 12 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాన్. లోపల 12 వోల్టుల బీఎల్‌డీసీ ఫ్యాన్ ఒకటి, పాతిక వాట్లు కూడా తాగదు. ఏసీ పెట్టలేదా అని అడిగేవాళ్లకి: టన్ను ఏసీ గంటకి దాదాపు యూనిట్ కరెంటు తాగుతుంది, మా బ్యాటరీలో ఉండేదే ఒకటింపావు యూనిట్. అంతే లెక్క. వేసవి మధ్యాహ్నాలు సాగర్ వైపు వెళ్లినప్పుడు వెనక తలుపుకి వట్టివేళ్ల తడిక వేలాడదీసి నీళ్లు కొడతాం, అది పొడి గాలి కాబట్టి హాయిగా ఉంటుంది, వాసన బోనస్. అదే తడిక సముద్రం ఒడ్డున సూర్యలంకలో వేస్తే పైసా ప్రయోజనం లేదు, అక్కడి గాల్లోనే నీళ్లు, తడికలో నీళ్లు ఆరితే కదా చల్లదనం.

పడక గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చివరికి ఈ బండి పడక గదే. లోపల పొడవు పదడుగులు, వెడల్పు ఐదున్నర. నా ఎత్తుకి అడ్డంగా పడుకుంటే కాళ్లు ముడుచుకోవాలి, నిలువుగానే పడక. మొదట సీట్ల షాపులో ఐదంగుళాల ఫోమ్, పైన రెగ్జిన్ కవర్ కుట్టించాను, తుడిస్తే శుభ్రంగా ఉంటుందని. రెగ్జిన్ మీద జూన్‌లో పడుకున్నారా ఎప్పుడైనా? పొద్దున్నే లేస్తే వీపు ఒలిచినట్టు ఊడొస్తుంది. రెండో ఏడాది మా అమ్మ చూసి, "ఇదేం పరుపురా, తాటిపట్టె మీదున్నట్టుంది, నవారు మంచం వేసుకోక" అంది. నవ్వాను. తర్వాత అదే చేయించాను. అంగుళం స్క్వేర్ పైపుతో ఫ్రేము, దానికి నైలాన్ నవారు అల్లిక, పైన పల్చటి దూది బొంత. కిందనుంచి గాలి ఆడుతుంది, బరువు ఫోమ్ పెట్టె మంచంలో మూడో వంతు లేదు, కింద సామాను పెట్టుకునే జాగా మొత్తం ఖాళీ. నవారు నాలుగైదు నెలలకి సాగి మధ్యలో గుంట పడుతుంది, బిగించుకోవాలి, అదొక్కటే పని. ఈ బండిలో మొత్తం మీద నేను గర్వపడే వస్తువు ఏదైనా ఉంటే అది మా అమ్మ ఐడియా.

వంటగది కథ చిన్నది. స్టీల్ సింకు, పంపు, గ్యాస్ పొయ్యి, కింద ఐదు కిలోల సిలిండర్, అన్నీ లోపలే కట్టించాం, 38 వేలు అయింది. మొదటి ట్రిప్పులోనే మా ఆవిడ పప్పుకి తాలింపు వేసింది. గుంటూరు ఎండుమిర్చి, రేకు డబ్బా. ముగ్గురం తలో తలుపులోంచి దూకాం, పాప అరగంట తుమ్ముతూనే ఉంది. నవ్వులాట పక్కన పెడితే, గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, ఫ్లోర్ మీద పరుచుకుని మంచం కింద కూర్చుంటుంది. ఫ్లోర్‌కి కంత పెట్టకుండా లోపల సిలిండర్ పెట్టడం తప్పు, నేను పెట్టాను, బుద్ధి తక్కువై. పంపు కూడా ట్యాంకులో నీళ్లయిపోయాక నేను చూసుకోక అలాగే తిరిగి కాలిపోయింది. ఇప్పుడు వంట ఒక చెక్క పెట్టెలో ఉంది, బండి ఆగాక దించి బయట నీడలో పెట్టుకుని వండుతాం. నీళ్లు రెండు ఇరవై లీటర్ల టిన్నులు, ఒకదానికి పంపు బదులు మామూలు కుళాయి. టాయిలెట్ పెట్టించలేదు, బంకులు, హరిత హోటళ్లు, సత్రాలతో గడిచిపోయింది. ఆడవాళ్లకి ఇది నేను అన్నంత తేలిక కాదని మా ఆవిడ ఈ వాక్యం చదివి చెప్పింది, కాబట్టి అదీ రాస్తున్నా. ఒక్క రాత్రి అవసరానికి మూతున్న బకెట్ ఉంది.

బ్యాటరీ మొదట ఇంట్లో ఇన్వర్టర్‌ది, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ నిల్వ కొలత) ట్యూబులర్. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఛార్జ్ అవుతున్నప్పుడు వాసన, పైగా సగం కంటే కిందికి వాడితే తొందరగా చస్తుంది. ఇప్పుడున్నది 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫెర్రో ఫాస్ఫేట్, ఒంటి చేత్తో దించుతాను. దీనికి డైనమో నుంచి నేరుగా వైరు లాగొద్దు, మధ్యలో కరెంటుని అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టుకోండి, లేకపోతే డైనమో మీద లోడ్ పడి వేడెక్కి పోతుంది. మనూళ్లో ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఈ బ్యాటరీల్లో చాలావాటికి 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ పెట్టకూడదు. మే నెలలో ఎండ మండిపోతుంటే సోలార్ సున్నా చూపించేది, ప్యానెల్ పోయిందనుకుని రెండు వారాలు కొట్ల చుట్టూ తిరిగాను. తీరా చూస్తే బ్యాటరీలోని బీఎంఎస్ (దాన్ని కాపాడే సర్క్యూట్) వేడికి ఛార్జింగ్ కట్ చేస్తోంది. గోడ వారన పెట్టెలో బిగించి పెట్టింది నేనే. తీసి మంచం కింద గాలి తగిలే చోట పెట్టాక ఆ గొడవ పోయింది.

2024 సెప్టెంబరు ఒకటో తారీఖున బుడమేరు పొంగింది. మా ఇల్లు పటమటలో, మాకేం కాలేదు, అత్తయ్యా మామయ్యా సింగ్‌నగర్‌లో. వాళ్లని బోటులో బయటికి తెచ్చేసరికి రెండో రోజు సాయంత్రం. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వదులుతున్నారని రేడియోలో వింటూ ఫ్లైఓవర్ దగ్గర ఈ బండి పెట్టుకుని ఎదురుచూశాం. అప్పుడు ఎవరో ఒకాయన ఫోన్ పట్టుకొచ్చి, ఐదు నిమిషాలు ఛార్జింగ్ పెడతారా బాబూ అన్నాడు. రాత్రికి వెనక తలుపు దగ్గర వైర్ల గుట్ట. మబ్బుకి సోలార్ పని చేయలేదు, ఇంజన్ ఆన్ చేసి డీసీ-డీసీ మీదే నడిపించాం. ఎన్ని ఫోన్లో లెక్కపెట్టలేదు, డైరీ కూడా ఆ మూడు రోజులు ఖాళీ. మామయ్య ఆ రాత్రి నవారు మంచం మీద పడుకున్నారు, ఆ బస్సు గొడవ ఆ తర్వాత ఇంకెప్పుడూ ఎత్తలేదు.

చలికాలం గురించి రెండు మాటలు. డిసెంబరులో లంబసింగి వెళ్తే పొద్దున నాలుగింటికి మొహం మీద చుక్కలు పడ్డాయి. వాన కాదు, మా ఊపిరే. రబ్బర్ షీటు అంటించకుండా వదిలేసిన రేకు కమ్మీల మీద నీళ్లు కట్టి కారుతున్నాయి. చలిగా ఉందని తలుపు పూర్తిగా మూయడమే కారణం. తర్వాత ఆ కమ్మీలకి కూడా పట్టీలు అంటించాను, ఎంత చలైనా తలుపు జానెడు తెరిచే పడుకుంటాం. సూర్యలంక వెళ్లొచ్చినప్పుడల్లా కింద భాగం మంచినీళ్లతో కడిగించండి, ఒక్కసారి బద్దకించాను, వెనక తలుపు బందులు తుప్పు పట్టి మార్చాల్సొచ్చింది.

లాభం ఏమిటని మా తమ్ముడు అడుగుతుంటాడు, ఆ డబ్బుకి హోటళ్లలో ఎన్ని రాత్రులు ఉండొచ్చో లెక్క వేసి చూపిస్తాడు కూడా. బండి కాక పనికి రెండు లక్షల తొంభై వేలు అయింది, అందులో లక్ష పైనే విప్పి పారేసిన వాటికి. వాడి లెక్క తప్పు కాదు. కానీ శ్రీశైలం వెళ్తూ దోర్నాల చేరేసరికి తొమ్మిది దాటి అటవీశాఖ గేటు వేసేసిన రాత్రి, కార్లవాళ్లంతా గదుల కోసం తిరుగుతుంటే మేం పక్కన ఆపి పెరుగన్నం తిని పడుకున్నాం, ఆరింటికి గేటు తీస్తే మొదటి వరసలో మాదే.

ఇప్పుడు కొనేవాళ్లు అడిగితే నేను చెప్పేది, మొదటి ఏడాది ఒక మంచం, ఒక ఫ్యాన్, ఒక పట్టా, దోమతెరతో తిరగండి, వడ్రంగిని తర్వాత పిలవండి. ఈ నవంబరులో మళ్లీ ఎఫ్‌సీ. ఈసారి నా చూపు నలభై లీటర్ల ఫ్రిజ్ మీద ఉంది, రోజుకి అర యూనిట్ తాగుతుంది, బ్యాటరీలో దగ్గర దగ్గర నలభై శాతం. అది దింపేస్తే మరి పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోదా అని మా ఆవిడ అడుగుతోంది. ఇంకా తేలలేదు.