వంటింటి టైల్స్ సందులకు ఎపాక్సీ, హాలుకు సీలర్: ఎనిమిది నెలలు వాడాక

మా ఫ్లాట్ వనస్థలిపురంలో. కట్టి పదకొండేళ్లయింది. వంటింట్లో అడుగుకు అడుగు సెరామిక్ టైల్స్, హాల్లో రెండడుగుల విట్రిఫైడ్, బాల్కనీలో తాండూరు బండ. ఇన్నేళ్లలో టైల్స్‌కి ఏమీ కాలేదు. పాడైందల్లా వాటి మధ్య సందులే, అంటే వాటిలో నింపిన సిమెంట్ గ్రౌట్. స్టవ్ ముందు పసుపూ నూనే పీల్చుకుని నల్లబడ్డాయి. సింకు దగ్గరైతే వేలితో రాస్తే ఇసుకలా రాలేవి.

అలా రాలడానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట దసరా ముందు ఇల్లు కడిగించడానికి పిలిచిన వాళ్లు యాసిడ్ పోసి రుద్దారు. పోసిన చోటల్లా సందుల్లో నురగ పొంగింది. మురికి వదులుతోంది కాబోలు అనుకున్నాను. వదిలింది సిమెంటు. సిమెంటులో ఉన్న సున్నాన్ని యాసిడ్ తినేస్తుంది. అదే నీళ్లు బాల్కనీలోకి పారి తాండూరు బండ మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. అది సున్నపురాయి కదా. నిమ్మరసం, చింతపండు పులుసు పడినా మెరుపు పోతుంది, ఇక యాసిడ్ అంటే చెప్పేదేముంది. ఆ మచ్చలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. దయచేసి ఇంట్లో నేల మీద యాసిడ్ పోయనివ్వకండి.

ఈసారి ఉగాది ముందు మా కాలనీలోనే పనిచేసే టైల్స్ మేస్త్రిని పిలిచాను. పేరూ నంబరూ ఎక్కడా రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. వచ్చీ రాగానే ఆయన చేసిన పని నాకు నచ్చింది. గ్లాసులో నీళ్లు తీసుకుని హాల్లో ఒక సందు మీద, వంటింట్లో ఒక సందు మీద నాలుగేసి చుక్కలు వేశారు. రెండు చోట్లా నిమిషంలో ఇంకిపోయి సందు నల్లబడింది. "నీళ్లు ఇట్లా తాగుతున్నదంటే నూనె కూడా తాగుతదమ్మా. హాల్లో గ్రౌట్ గట్టిగనే ఉన్నది, సీలర్ కొడితే చాలు. వంటింట్లది మాత్రం తీసెయ్యాలె" అన్నారు. సీలర్ అంటే నీళ్లూ నూనే ఇంకకుండా సందు మీద పూసే ద్రవం. మొత్తం ఇంటికీ ఎపాక్సీ (సిమెంటుకు బదులు రెజిన్ అనే జిగురుతో చేసే గ్రౌట్) వేయిద్దామని నేనే అంటే, డబ్బులు దండగని వద్దన్నారు.

వంటిల్లు ఎనిమిదడుగులకు తొమ్మిది, అంటే 72 టైల్స్. చిన్న గదే అనిపిస్తుంది కానీ సందుల పొడవు లెక్కేస్తే 127 అడుగులు. ఆ 127 అడుగులూ ఆయన హ్యాక్సా బ్లేడు ముక్కతో గీకారు. ఒక చివర గుడ్డ చుట్టి పిడిలా పట్టుకుని, టైల్ అంచుకు తగలకుండా, బ్లేడును సందులోనే ముందుకీ వెనక్కీ లాగుతూ. మిషన్ పెడితే తొందరగా అవుతుంది కదా అంటే, పాత టైల్ అంచులు పెచ్చులు లేస్తాయన్నారు. ఒక రోజంతా దానికే పట్టింది. సాయంత్రం బ్రష్‌తో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, "ఫ్యాను వేసి పెట్టుండ్రి, ఎల్లుండి వస్త" అని వెళ్లిపోయారు. మర్నాడే వచ్చి పూర్తి చేసెయ్యమని నేను బతిమాలినా ఒప్పుకోలేదు. లోపల తడి ఉంటే ఎపాక్సీ సరిగ్గా పట్టదట.

ఎపాక్సీ గ్రౌట్ రాఫ్ వాళ్లది, కిలో ప్యాకులు రెండు తెచ్చాను. సిమెంట్ గ్రౌట్ కంటే ఖరీదు చాలా ఎక్కువ. రెజిన్, హార్డెనర్, పొడి మూడూ కలపాలి. కలిపాక ముప్పావు గంటలో వాడేయాలి, ఎండాకాలం అయితే ఇంకా ముందే గట్టిపడుతుంది. అందుకే ఆయన కొంచెం కొంచెమే కలుపుకున్నారు. రబ్బరు పట్టీతో సందులోకి నొక్కడం, వెంటనే స్పాంజితో టైల్ తుడవడం, మళ్లీ కలపడం. వాసన ఘాటుగా ఉంటుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి.

లోపం కూడా చెప్పాలి. సింకు ముందు రెండు టైల్స్ సరిగ్గా తుడవలేదు. ఆరాక వాటి మీద మసక పొర మిగిలింది. ఫోన్ చేస్తే వచ్చి గోరువెచ్చటి నీళ్లూ స్క్రబ్బరూ పెట్టి గంటసేపు రుద్దారు. చాలావరకు పోయింది, ఏటవాలుగా వెలుగు పడితే ఒక టైల్ మీద ఇప్పటికీ కనిపిస్తుంది. మీరు చేయించుకుంటే పని అయిన గంటలోపే లైటు వేసి, వంగి ప్రతి టైల్ చూడండి. గట్టిపడ్డాక కష్టం.

హాలుకు కొట్టింది లోపలికి ఇంకిపోయే రకం సీలర్. పైన పొరలా నిలిచేది వద్దన్నారు, నడిచే చోట అది లేచిపోతుందట. సన్నటి బ్రష్‌తో సందు మీదే గీసుకుంటూ వెళ్లారు. టైల్ మీద పడింది ఆరకముందే తుడిచేశారు. అలా రెండుసార్లు కొట్టారు. అదే సమయంలో బాల్కనీ బండకు రాతి సీలర్ కూడా కొట్టించాను. బాల్కనీలో ఎపాక్సీ ఎందుకు వద్దన్నారో కూడా చెప్పారు, ఎండ తగిలితే పసుపు రంగుకు తిరుగుతుందట.

మూడు రోజుల పనికి కూలీ 3,600 ఇచ్చాను. రోజుకు 1,200 చొప్పున.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. వంటింట్లో మా అత్తయ్య చేతిలోంచి పసుపు డబ్బా జారి స్టవ్ ముందు తడి మీద పడింది. ఊరు నుంచి వచ్చిన చుట్టాల హడావుడిలో రెండు గంటలు అలాగే ఉండిపోయింది. తుడిస్తే సందు తెల్లగానే ఉంది. కార్తీక దీపాల నూనె బాల్కనీలో ఒలికితే మర్నాడు పొద్దున పాత గుడ్డతో తీసేశాను, మరక పడలేదు. కానీ పాత తెల్ల మచ్చలు సీలర్ వల్ల పోలేదు, పోవని ఆయన ముందే చెప్పారు. వాటికి పాలిష్ పట్టించాల్సిందే.

తుడవడానికి బకెట్ నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల లిక్విడ్, అంతే. మాది బోరు నీళ్లు, అలాగే ఆరనిస్తే ఉప్పు తేలుతుంది కాబట్టి చివర్లో పొడిగుడ్డ వేస్తాను. నెలకోసారి హాల్లో నీటి చుక్కల పరీక్ష నేనే చేస్తున్నాను. మొన్న గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట, చుక్క ఇంకిపోయింది. మిగతా అంతా ముత్యంలా నిలిచింది. సీసాలో మిగిలిన సీలర్‌తో ఆ నాలుగడుగుల సందుకే మళ్లీ కొట్టాను. సంక్రాంతి వెళ్లాక చేయాల్సిన బాత్రూమ్ పని కూడా ఆయనకే అప్పజెప్పాను.