ప్యూరిఫయర్‌కి ఏఎంసీ కట్టాలా, మనమే చూసుకోవాలా? ఏది మేలు?

మార్చి వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "ఏఎంసీ రెన్యువల్ చేయమని ఫోన్ వచ్చింది, కట్టమంటావా?" ఏఎంసీ అంటే ఏడాదికింత కడితే నీళ్ల ప్యూరిఫయర్ బాగోగులు కంపెనీయే చూసుకునే ఒప్పందం. పోయిన వారం విజయవాడ నుంచి పిన్ని కూడా ఫోన్ చేసి ఇదే అడిగింది. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒక్కచోట రాస్తున్నాను. మాది ఆర్ఓ మెషీన్, అంటే మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా నీళ్లని ఒత్తిడితో నెట్టి లవణాలు వేరుచేసేది. మూడేళ్లు కంపెనీ ఏఎంసీలో ఉంచాను. రెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను, మెంబ్రేన్ మార్చడానికి మాత్రం దగ్గర్లోని మెకానిక్‌ని పిలుస్తాను.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. విడిభాగాలన్నీ కలిపిన ఏఎంసీకి చివరిసారి రూ.5,200 కట్టాను. ఇప్పుడు బురద ఆపే బయటి స్పన్ ఫిల్టర్లు నాలుగు రూ.480, క్లోరిన్ ఆపే లోపలి కార్బన్ సెట్ రూ.700, మెకానిక్ కూలి రూ.300. రెండేళ్లకొకసారి మార్చే మెంబ్రేన్ రూ.1,900 కాబట్టి దాని వాటా రూ.950. మొత్తం ఏడాదికి రూ.2,430. సగానికి సగం మిగులుతోంది. కానీ నేను ఏఎంసీ మానేసింది డబ్బు కోసం కాదు, మెంబ్రేన్ కోసం.

మెంబ్రేన్ చాలావరకు దాని ముందున్న ఫిల్టర్ల నిర్లక్ష్యం వల్లే పాడవుతుంది. స్పన్ ఫిల్టర్ నిండిపోతే బురద లోపలికి వెళ్తుంది, లేదా నీళ్ల ఒత్తిడి తగ్గి మెషీన్ గంటల తరబడి నడుస్తుంది. కార్బన్ అయిపోతే కుళాయి నీళ్లలోని క్లోరిన్ నేరుగా మెంబ్రేన్‌ని తాకుతుంది. ఇళ్లలో వాడే మెంబ్రేన్‌లు క్లోరిన్‌ని తట్టుకోలేవు, అది వాటిని మెల్లగా తినేస్తుంది. బోరు నీళ్లయితే కాల్షియం పొర కట్టి బిగుసుకుపోతుంది. అంటే రూ.120 ఫిల్టర్‌ని సరైన టైమ్‌కి మారుస్తామా లేదా అన్నదాని మీదే రూ.1,900 మెంబ్రేన్ బతుకు చాలావరకు ఆధారపడి ఉంది. ఏఎంసీకీ సొంత నిర్వహణకీ అసలు తేడా నాకు ఇక్కడే కనిపించింది.

ఏఎంసీలో ఫిల్టర్ మార్చేది తేదీని బట్టి. నాలుగు నెలలకోసారి మనిషి వస్తాడు. మా సంపులో నీళ్లకి ఆ తేదీలతో పని లేదు. మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు. ఒకరోజు మంజీరా కుళాయి నీళ్లు, ఇంకోరోజు బోరు, ఎండాకాలం ట్యాంకర్. ఏఎంసీలో ఉన్న మూడో ఏడాది ఆగస్టులో వానలకి సంపులోకి బురద నీళ్లు చేరాయి. సర్వీసు అక్టోబరులో ఉంది. కంప్లయింట్ ఇస్తే తొమ్మిదో రోజు వచ్చారు. వచ్చినతను బయటి ఫిల్టర్ గిన్నె విప్పగానే నేను పక్కనే ఉండి చూశాను. తెల్లగా ఉండాల్సిన స్పన్ చింతపండు పులుసులో ముంచి తీసినట్టుంది, వేలితో రాస్తే జిగురు, చెరువు గట్టు వాసన. ఆ తొమ్మిది రోజులూ మా పిల్లలు తాగింది దాని గుండా వచ్చిన నీళ్లే. ఆ ఏడాదితో రెన్యువల్ మానేశాను.

ఇప్పుడు వానాకాలంలో ఆరు వారాలకే మారుస్తాను, చలికాలంలో నాలుగు నెలలు వదిలేస్తాను. పని పది నిమిషాలు: ప్లగ్ తీసి, నీళ్ల వాల్వ్ కట్టేసి, ప్లాస్టిక్ స్పానర్‌తో గిన్నె విప్పి, కడిగి, కొత్త స్పన్ పెట్టి బిగించడమే. రబ్బరు రింగు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి, లేకపోతే రాత్రికి వంటింట్లో నీళ్లు నిలుస్తాయి.

మెంబ్రేన్ ఎప్పుడు మార్చాలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు వగైరా మొత్తం) కొలిచే మీటర్ చెబుతుంది. రెండు మూడొందలకి దొరుకుతుంది. లోపలికి వెళ్లే నీళ్లలో ఎంతుంది, బయటికి వచ్చేవాటిలో ఎంతుంది చూడండి. పదో వంతుకి అటూ ఇటూ ఉంటే బాగున్నట్టే. ఐదో వంతుకి చేరిందంటే మార్చే టైమ్ వచ్చింది. మా బోరు నీళ్లు 900 ఉంటే మెంబ్రేన్ నీళ్లు 80 దగ్గర వస్తాయి. మీ మెషీన్‌లో టీడీఎస్ అడ్జస్టర్ ఉంటే ట్యాప్ దగ్గర కొలవకండి, అక్కడ ముడి నీళ్లు కొన్ని కలిసి వస్తాయి. మెంబ్రేన్ నుంచి వచ్చే సన్న పైపు దగ్గర పట్టండి. కొత్త మెంబ్రేన్ వేయించాక మొదటి ట్యాంకు నీళ్లు పారబోయండి.

మెషీన్ అమ్మడానికి వచ్చి, రెండు కరెంటు రాడ్లు గ్లాసులో ముంచి నీళ్లని గోధుమ రంగుకి తిప్పి చూపించేవాళ్లని మాత్రం నమ్మకండి. మా ఇంట్లో అత్తయ్య ఆ రంగు చూసి రెండు రోజులు నీళ్లు ముట్టలేదు. అది నీళ్లలో మురికి కాదు, కరెంటుకి ఇనుప రాడ్ తుప్పు పట్టి దిగే రంగు. ఆర్ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగు రాదు. అదే గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమనండి, అవీ మారతాయి.

ఏఎంసీ వైపు న్యాయంగా చెప్పాల్సింది ఉంది. పంపు, అడాప్టర్ పోతే ఒక్క దెబ్బకి రెండు మూడు వేలు అవుతాయి, పూర్తి ఏఎంసీలో ఆ బెంగ లేదు. బయటి మెకానిక్‌లలో కొందరు సీల్ లేని మెంబ్రేన్ వేసేస్తారు. సీల్ మీ ముందే చింపించి, బిగించాక మీటర్‌తో చూసి డబ్బులివ్వండి. వారంటీ ఉన్న మొదటి ఏడాది వేరేవాళ్లతో విప్పించొద్దు.

సర్వీసు మాత్రమే ఉండే చౌక ఏఎంసీ దండగ. సామాను ఖర్చు ఎలాగూ మనదే. అద్దె మెషీన్లు ఏడాదికో ఇల్లు మారేవాళ్లకి బాగుంటాయి. ఇక పిన్నికి చెప్పింది వేరు: కుళాయి నీళ్ల టీడీఎస్ 500 లోపుండి, ఫ్లోరైడ్ లాంటివి లేకపోతే, అసలు ఆర్ఓనే అక్కర్లేదు, యూవీ (కాంతితో క్రిముల్ని చంపే మెషీన్) చాలు. ముందు కొలిచి చూడమన్నాను.

అమ్మకి మాత్రం పూర్తి ఏఎంసీయే కట్టాను. నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర ఊరు, బోరులో ఫ్లోరైడ్ ఉంది. ఫ్లోరైడ్ ఎంతుందో టీడీఎస్ మీటర్ విడిగా చెప్పదు, ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే. మోకాళ్ల నొప్పులతో ఆమె వంగి గిన్నె విప్పలేదు. అయినా వెళ్లినప్పుడల్లా మీటర్ సంచిలో వేసుకుంటాను. సంక్రాంతికి చూస్తే 1,140కి 95 వచ్చింది. ఉగాదికి మళ్లీ చూస్తాను.