కాటా ఇండికేటర్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు కలపాలంటే: యూఎస్‌బీ కేబులా, సీరియల్ సర్వరా, ఏది మేలు?

వరి కోతల రోజుల్లో ఒక బియ్యం మిల్లులో చూసిన సంగతి ఇది. నిండు లారీ కాటా దిగిపోయింది. వెనకే ధాన్యం ట్రాక్టర్ ఎక్కింది. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద మాత్రం అంకె 31,460 కిలోల దగ్గరే నిలిచిపోయింది. ట్రాక్టర్ అంత బరువు తూగదని గుమాస్తాకు తెలుసు కాబట్టి చీటీ కొట్టకుండా ఆగాడు. వెళ్లి చూస్తే కాటా గదిలో నెట్‌వర్క్ స్విచ్‌కు కరెంటు లేదు. బరువు అంకె చూపే ఇండికేటర్ బాగానే తూస్తోంది, కంప్యూటర్ బాగానే నడుస్తోంది. మధ్యలో దారి తెగింది, తెగిన మాట ఎవరికీ తెలియలేదు. ట్రాక్టర్‌కు బదులు మరో లారీ ఎక్కి ఉంటే ముందు బండి బరువుతోనే దాని చీటీ వెళ్లిపోయేది.

అప్పటి నుంచి పాత సీరియల్ (అక్షరాలను ఒకే తీగ మీద వరుసగా పంపే) పరికరాన్ని నెట్‌వర్క్‌కు కలిపే ఏ పద్ధతినైనా ముందు ఒక్క ప్రశ్నతోనే తూస్తున్నాను: తెగినప్పుడు తెగిందని చెబుతుందా? ధర, దూరం, సులువు ఆ తర్వాతి మాటలు.

కాటా ఇండికేటర్ వెనక ఉండే తొమ్మిది పిన్నుల సాకెట్ ఆర్‌ఎస్-232. 1960లో అమెరికాలో, టెలిటైపులను మోడెములకు కలపడానికి పుట్టిన ప్రమాణం. పంపే తీగ ఒకటి, అందుకునే తీగ ఒకటి, గ్రౌండు ఒకటి ఉంటే పని జరుగుతుంది. ఒక కొసన ఒక పరికరం, రెండో కొసన మరొకటి, అంతే. దూరం 15 మీటర్లకు మించకూడదన్నది పాత లెక్క. వేగం తగ్గించుకుంటే ఇంకా ఎక్కువ దూరం పోతుంది. 2400 బాడ్ (సెకనుకు 2400 సంకేతాలు) వేగం మీద 60 మీటర్ల తీగ లాగి ఏళ్ల తరబడి నడిపిన మిల్లులు ఉన్నాయి. కానీ పెద్ద మోటారు మొదలైనప్పుడల్లా అంకెల మధ్య పిచ్చి గుర్తులు పడటం కూడా అక్కడే చూశాను. ఇండికేటర్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు. తూనికలు, కొలతల శాఖ ముద్ర వేసిన పరికరం పదిహేనేళ్లుగా సరిగ్గా తూస్తుంటే దాన్ని తీసేయడానికి సాకెట్ పాతదనడం కారణం కాదు. సాకెట్ బయట ఉంటుంది కాబట్టి కేబుల్ తగిలించడానికి సీలు జోలికి పోనక్కర్లేదు. ఇండికేటరే మారిస్తే ముద్ర మళ్లీ వేయించుకోవాలి. ఈథర్‌నెట్ ఉన్న కొత్త ఇండికేటర్ కొనడం పాతది నిజంగా పాడైన రోజున ఆలోచించాల్సిన మాట.

కంప్యూటర్ కాటా గదిలోనే ఉంటే యూఎస్‌బీ సీరియల్ కేబుల్ చాలు. ఇంత తేలికైన పరిష్కారం మరొకటి లేదు. డెస్క్‌టాప్ అయితే లోపల బిగించే సీరియల్ కార్డు ఇంకా నిలకడైనది. ల్యాప్‌టాప్‌కు ఆ అవకాశం లేదు. యూఎస్‌బీ కేబుల్ మంచితనమంతా అందులోని చిప్పులో ఉంది. స్కాట్లండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ చిప్పులకు నకిలీలు ఎంతగా పుట్టాయంటే, 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఆ కంపెనీ డ్రైవర్ నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి వాటిని పనికిరాకుండా చేసింది. డబ్బు పెట్టి కొన్నవాడికి అది నకిలీ అని తెలియనే తెలియదు. నిన్నటి దాకా నడిచిన కేబుల్ ఈరోజు నడవలేదు. గొడవ పెద్దదై కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది గానీ, బిల్లు లేని చవక కేబుల్‌ను వ్యాపారానికి నమ్ముకోకూడదనడానికి నేను ఇప్పటికీ ఆ సంఘటననే చెబుతాను.

రెండో చిక్కు కామ్ పోర్టు (సీరియల్ తీగకు విండోస్ పెట్టే పేరు) సంఖ్య. చిప్పులో సొంత సీరియల్ నంబరు లేకపోతే విండోస్ దాన్ని ఏ రంధ్రంలో గుచ్చారో దాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఊడ్చేటప్పుడు ఊడిపోయిన కేబుల్‌ను పక్క రంధ్రంలో పెడితే కామ్ 3 కాస్తా కామ్ 7 అవుతుంది, కాటా ప్రోగ్రామ్ కళ్లు తేలేస్తుంది. పాత ప్రోగ్రాములు కొన్నింటికి కామ్ 9 దాటితే అసలు తెలియదు. సొంత నంబరు ఉన్న చిప్పు తీసుకుని, పోర్టు సంఖ్యను డివైస్ మేనేజర్‌లో స్థిరపరిచి, యూఎస్‌బీ విద్యుత్ పొదుపును ఆపేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. యూఎస్‌బీ తీగకు 5 మీటర్లే హద్దు. పొడవైన ఎక్స్‌టెన్షన్లు వేసి ఆఫీసు దాకా లాగే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

ఇక నా ప్రశ్న. యూఎస్‌బీ కేబుల్ ఊడితే కామ్ పోర్టే మాయమైపోతుంది. ప్రోగ్రామ్ ఎర్రని సందేశం చూపిస్తుంది, లేదా బిగుసుకుపోతుంది. గుమాస్తాకు విసుగు వస్తుంది గానీ తప్పుడు చీటీ రాదు. ఈ మొరటు నిజాయితీ నాకు ఇష్టం. అయితే ఇండికేటర్ వైపు తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఊడితే ఈ మేలు లేదు. పోర్టు ఉంటుంది, అంకె రాదు.

కాటా గేటు దగ్గర, ఆఫీసు లోపల ఉంటే లెక్క మారుతుంది. అక్కడ సీరియల్ డివైస్ సర్వర్ కావాలి. అరచేతిలో పట్టే పెట్టె. ఒకవైపు తొమ్మిది పిన్నులు, మరోవైపు ఈథర్‌నెట్. మోక్సా, లాంట్రోనిక్స్, డిజీ వంటి కంపెనీలు దశాబ్దాలుగా ఇవి చేస్తున్నాయి. ఇండికేటర్ పంపిన అక్షరాలను టీసీపీ (నెట్‌వర్క్‌లో సమాచారం పంపే పద్ధతి) ప్యాకెట్లలో పెట్టి నెట్‌వర్క్ మీదకు వదులుతుంది. రాగి తీగ మీద 100 మీటర్లు వెళ్తుంది. గేటు అంతకన్నా దూరమైతే మధ్యలో ఫైబర్ వేయాలి. దూరం తక్కువైనా గేటు గదికీ ఆఫీసుకీ మధ్య ఫైబరే వేయమంటాను. పిడుగు పడినప్పుడు ఆ రాగి తీగ గుండానే ఆఫీసులోని స్విచ్, కంప్యూటర్ వరుసగా పోతాయి. గాజు తీగలో విద్యుత్తు పారదు.

ఈ సర్వర్‌ను వాడే పద్ధతులు రెండు. కంపెనీ ఇచ్చే డ్రైవర్‌తో కంప్యూటర్‌లో ఉత్తుత్తి కామ్ పోర్టు పుట్టించడం మొదటిది. కాటా ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు, తన ఎదుట పాత తీగే ఉందనుకుంటుంది. నేరుగా ఐపీ చిరునామాకు, పోర్టుకు టీసీపీ సాకెట్ తెరిచి చదవడం రెండోది. దీనికి ప్రోగ్రామ్ రాసినవారు అందుబాటులో ఉండాలి. చాలామంది మొదటిదాన్నే ఎంచుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ మొదట చెప్పిన సంఘటన జరిగింది సరిగ్గా ఆ అమరికలోనే. సర్వర్‌కు కరెంటు పోయినా ఉత్తుత్తి పోర్టు కంప్యూటర్‌లో అలాగే ఉంటుంది. తలుపు తెరిచే ఉంది, లోపల మనిషి లేడు. అవతలివాడు చెప్పకుండా మాయమైతే టీసీపీకి కూడా ఆ సంగతి వెంటనే తెలియదు. అవతలివాడు ఉన్నాడా అని అడిగి చూసే గడువు కొన్ని పరికరాల్లో నిమిషాల మీద ఉంటుంది. ఆ నిమిషాల్లో రెండు బళ్లు కాటా దాటిపోతాయి.

అందుకే యూఎస్‌బీతో పోలిస్తే సర్వర్ దూరంలో, నిలకడలో మేలే అయినా నిజాయితీలో ఒక మెట్టు తక్కువ. ఆ మెట్టు మనమే కట్టాలి. కనెక్షన్ బతికే ఉందా అని సర్వర్ అడిగే గడువును సెకన్లకు తగ్గించాలి. అంతకన్నా ముఖ్యం, చివరి అంకె వచ్చి రెండు మూడు సెకన్లు దాటితే తెర మీద బరువు చెరిగిపోయి గీతలు కనబడాలి. ఈ చిన్న మార్పుకు ఒప్పుకోని ప్రోగ్రామ్‌తో నెట్‌వర్క్ మీద కాటా నడపడం నాకు సమ్మతం కాదు. అలాంటప్పుడు కంప్యూటర్‌నే గేటు గదికి తెచ్చి యూఎస్‌బీ కేబుల్‌తో సరిపెట్టమంటాను.

పాత అంకె ప్రమాదం ఇంకో దారిలోనూ వస్తుంది. దీనికి యూఎస్‌బీ, సర్వర్ అనే తేడా లేదు. చాలా ఇండికేటర్లు అడగకుండానే బరువును పంపుతూనే ఉంటాయి. సెకనుకు పదిసార్లు, ఒక్కోసారి 12 అక్షరాలు అనుకుందాం. ప్రోగ్రామ్ బటన్ నొక్కినప్పుడే చదివేదైతే, అప్పటి దాకా వచ్చినవన్నీ బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, పోగుపడతాయి. 4096 అక్షరాల బఫర్ నిండడానికి 34 సెకన్లు. ముందు వచ్చినదాన్నే ముందు చదువుతుంది కాబట్టి, బటన్ నొక్కినవాడికి దొరికేది ఈ క్షణం బరువు కాదు, పాత బరువు. చదివే ముందు బఫర్ ఖాళీ చేయించాలి, లేదా అడిగితేనే పంపేలా ఇండికేటర్‌ను మార్చాలి. ఆ వీలుంటే రెండోదే శుభ్రం.

తీగలో ఒక్క బిట్టు (0 లేదా 1) తారుమారైతే ఎంత నష్టమో కూడా చెప్పాలి. కంప్యూటర్ కోడులో 4కూ 0కూ తేడా ఒక్క బిట్టే. 12,480 కాస్తా 12,080 కావడానికి మోటారు మొదలైన క్షణం చాలు. 400 కిలోలు, అంటే నాలుగు క్వింటాళ్లు. 2025-26 సాధారణ వరి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. రైతుకు 9,476 రూపాయల కోత. ఎవరూ మోసం చేయలేదు, ఎవరికీ తెలియదు కూడా. పారిటీ (ప్రతి అక్షరానికీ తోడుగా పంపే తనిఖీ బిట్టు) పెట్టుకుంటే ఒక బిట్టు తప్పు దొరికిపోతుంది. ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అన్న అమరికలో దొరకదు. వరుసగా మూడుసార్లు ఒకే అంకె వస్తేనే తీసుకోవాలన్న నియమం పెడితే ఈ భయం దాదాపు తీరిపోతుంది. ఆ నియమం రాయడానికి ప్రోగ్రామర్‌కు పది నిమిషాలు పట్టదు. నేను వెళ్లిన ప్రతి కాటా దగ్గరా దీన్ని పట్టుబట్టి పెట్టిస్తాను.

ఇదే మిల్లులో ప్యానల్ బోర్డు మీద కరెంటు మీటర్ల కథ వేరు. వాటికుండేది ఆర్‌ఎస్-485. జంట తీగ మీద 1200 మీటర్ల దాకా, మామూలు లెక్కన 32 పరికరాలు ఒకే వరుసలో. రెండు కొసల్లోనూ 120 ఓంల రెసిస్టర్ పెట్టాలి. అవి మాట్లాడే భాష సాధారణంగా 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన మోడ్‌బస్. ప్రతి సందేశం చివర తప్పులను పట్టే సంఖ్య ఉంటుంది కాబట్టి బిట్టు తారుమారైతే సందేశమే చెల్లదు. కాటా ఇండికేటర్లలో చాలావాటికి లేని భద్రత ఇది.

ఇక్కడ పోటీ మామూలు డివైస్ సర్వర్‌కూ మోడ్‌బస్ గేట్‌వేకూ మధ్య. నా ఓటు ఏ సందేహమూ లేకుండా గేట్‌వేకే. సీరియల్ మోడ్‌బస్‌లో సందేశం ముగిసిందని చెప్పేది మూడున్నర అక్షరాలు పట్టేంత సేపు నిశ్శబ్దం. మామూలు సర్వర్ ఆ అక్షరాలను నెట్‌వర్క్ మీద ముక్కలుగా పంపితే ఆ నిశ్శబ్దం చెదిరిపోతుంది. గేట్‌వే సందేశాన్ని పూర్తిగా చదివి, మోడ్‌బస్ టీసీపీలోకి మార్చి 502వ పోర్టులో అందిస్తుంది. ఆఫీసు నుంచి ఒకరు, యజమాని గదిలో తెర మరొకటి ఒకేసారి అడిగినా వరుసలో నిలబెట్టి జవాబిస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది, మీటరు పలకకపోతే ఊరుకోదు: 11వ నంబరు తప్పు కోడు పంపుతుంది. ‘నేనున్నాను, నువ్వు అడిగిన మీటరే జవాబివ్వడం లేదు’ అని దాని అర్థం. కాటాకు మనం చేత్తో కట్టాల్సిన నిజాయితీ ఇక్కడ ప్రమాణంలోనే ఉంది.

వైఫై పెట్టెలు కూడా దొరుకుతాయి. రేకుల షెడ్ల మధ్య, లారీ అడ్డం నిలిచిన ప్రతిసారీ సంకేతం తగ్గే చోట తూకానికి వాటిని వాడవద్దు. గోదాములో తేమ, ఉష్ణోగ్రత చదివే పరికరానికి పర్వాలేదు. అక్కడ ఒక అంకె తప్పిపోతే కొంప మునగదు.

గేటు గదిలో చిన్న కంప్యూటర్ పెట్టి, ఇండికేటర్‌ను అక్కడే చదివి, ప్రతి తూకానికీ వేళ వేసి దాచి, నెట్‌వర్క్ ఉన్నప్పుడు ఆఫీసుకు పంపే పద్ధతి పైవాటన్నిటికన్నా నమ్మకమైనది. నెట్‌వర్క్ పోయినా చీటీ ఆగదు. కానీ దాన్ని చూసుకునే మనిషి కావాలి. కరెంటు పోయి వచ్చే చోట మెమరీ కార్డులు చెడిపోతాయి, యూపీఎస్ తప్పనిసరి. రెండు మూడు గేట్లున్న పెద్ద మిల్లు అయితే ఇదే చేయమంటాను. ఒక్క కాటా ఉన్న మిల్లుకు, పిలిస్తే వచ్చే ప్రోగ్రామర్ లేనప్పుడు, జాగ్రత్తగా అమర్చిన డివైస్ సర్వరే మేలు.

ఈ పెట్టెలను చిన్నవని తేలిగ్గా తీసుకోకూడదు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ విద్యుత్ సంస్థల మీద దాడి చేసినవారు సబ్‌స్టేషన్లలోని ఇలాంటి సీరియల్ ఈథర్‌నెట్ పెట్టెల లోపలి సాఫ్ట్‌వేర్‌ను చెరిపేశారు. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. దూరం నుంచి బ్రేకర్లు వేసే దారి లేక సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో వేయాల్సి వచ్చింది. పాత సీరియల్ భాషలకు పాస్‌వర్డు అన్న ఊహే లేదు, తీగ చేతిలో ఉన్నవాడే యజమాని. నెట్‌వర్క్ మీద పెట్టగానే ఆ తీగ అందరి చేతికీ అందుతుంది. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చండి. కాటా, మీటర్ల పెట్టెలను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీసి వేరే వీల్యాన్‌లో (అవే స్విచ్‌ల మీద విడిగా కట్టిన నెట్‌వర్క్‌లో) ఉంచండి. ఇంట్లో కూర్చుని ఫోనులో చూడాలని రౌటర్‌లో పోర్టు తెరవవద్దు, వీపీఎన్ (బయటి నుంచి లోపలికి వచ్చే తాళం వేసిన దారి) పెట్టుకోండి.

ఏది బిగించినా పని అప్పగించుకునే రోజు కాటా మీద నిండు లారీ నిలబెట్టి మూడు పనులు చేయించండి. ముందు ఇండికేటర్ వెనక కేబుల్ పీకాలి. దాన్ని మళ్లీ పెట్టి సర్వర్ కరెంటు తీయాలి. అదీ ఇచ్చి ఆఫీసు వైపు నెట్‌వర్క్ తీగ లాగాలి. మూడుసార్లూ మూడు సెకన్లలోపు తెర మీద అంకె పోయి గీతలు రావాలి, చీటీ బటన్ పనిచేయకూడదు. ఒక్కసారి పాత బరువు నిలిచినా తర్వాతి లారీని కాటా ఎక్కనివ్వకండి.